రేటింగ్ ఇవ్వడమా, గ్రామసభలో చెయ్యెత్తడమా?

ఒడిశాలోని మా రాయగడ వీధిలో కాలవ తీసేవాళ్ల కన్నా డెలివరీ కుర్రాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. చొక్కా సైజు తప్పొస్తే ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే చాలు, డబ్బు వెనక్కొస్తుంది. కాలవ పొంగితే ఎవరికి చెప్పాలో సగం మందికి తెలీదు. కస్టమర్‌గా బతకడం సుఖమే, కాదనను. కాకపోతే నా రీఫండ్ వల్ల పక్కింటాయనకు ఒరిగేదేమీ లేదు, పైగా ఏ సరుకు ఎక్కడ తయారవ్వాలో, దానికి ఎవరి కొండ తవ్వాలో యాప్ మనల్నెప్పుడూ అడగదు.

గ్రామసభలో అది అడుగుతారు. విసుగే, గొడవే, రోజు కూలి కూడా పోతుంది. అయినా మన నియమగిరి కొండల సంగతే చూడండి: వేదాంత కంపెనీ ప్లాంటుకి బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) తవ్వే విషయంలో అక్కడివాళ్ల మత, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలే చూడాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో, జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట సభలు జరిగితే, అందులో కొన్నయితే మరీ చిన్న పల్లెలు, పన్నెండూ వద్దనేశాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఒక్క స్టార్ ఇచ్చి ఆ పని చేయించగలమా?

నా ఓటు సభకే. ఇబ్బందల్లా ఒకటే, అటవీ హక్కుల నిబంధనల ప్రకారం దానికి కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. రేటింగ్‌కి ఆ టెన్షన్ లేదు, మంచం మీంచి లేవక్కర్లేదు.