మధ్యలో గోడ లేని హాలు: మా లైబ్రరీ వేసవి శిబిరం గురించి

మా ఊరి లైబ్రరీలో పెట్టే వేసవి శిబిరం గురించి ఎవర్ని అడిగినా ముందు వినిపించే ఫిర్యాదు ఒకటే. గోల. ఉన్నది ఒక్కటే హాలు. ఒక పక్క పేపర్ల బల్లలు, ఇంకో పక్క జంపఖానా పరిచి పిల్లలు. మధ్యలో గోడ లేదు, బీరువాల వరసైనా లేదు. పేపరు చదువుకునే పెద్దవాళ్లకి చిరాకు, కథ చెప్పే మేడమ్‌కి గొంతు నొప్పి, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో అర్థంకాక తల్లిదండ్రులకి అసంతృప్తి. నా పిల్లలిద్దరినీ కొన్నేళ్లుగా అక్కడికే పంపుతున్నాను. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గోడ లేకపోవడమే.

మాది కృష్ణా డెల్టాలో గుంటూరు వైపు చిన్న మునిసిపాలిటీ. శిబిరం సంగతులు ఆంధ్రాలో పిల్లలున్న ఇళ్లన్నిటికీ దాదాపు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. బడికి సెలవులిచ్చాక ఏప్రిల్ ఆఖర్లో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. పొద్దున ఎనిమిదికి దింపి, పదకొండుకి తెచ్చుకోవాలి. శుక్రవారం లైబ్రరీకి సెలవు. ఫీజు లేదు. అలాగని ఊరికే వస్తోందనుకోకండి. మీ ఇంటి పన్ను రశీదు తీసి చూస్తే గ్రంథాలయ పన్ను కూడా కనిపిస్తుంది, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యేది. "ఫ్రీ క్యాంపులో ఇంతకంటే ఏముంటుందిలే" అని పెదవి విరిచేవాళ్లకి నేను ఈ రశీదు సంగతే చెప్తుంటాను. డబ్బు కడుతున్నాం, పిల్లల్ని పంపడం లేదు, అంతే తేడా.

ఫీజు కట్టి కూడా చూశాం. ఒక ఏడాది మావాణ్ణి ప్రైవేటు ప్లేస్కూల్ వాళ్ల సమ్మర్ క్యాంపులో వేశాం. టీషర్టు, టోపీ, రోజూ వాట్సాప్‌లో ఫొటోలు. ఐదేళ్ల పిల్లలంతా ఒక గదిలో, ఏడేళ్లవాళ్లు ఇంకో గదిలో. అందరికీ ఒకే చేప బొమ్మ, దానికి ఒకే నారింజ రంగు. ఇంటికి తెచ్చిన కాగితం వెనక పేరు చూస్తేగానీ అది మావాడు వేసిందో కాదో తెలిసేది కాదు. వారం తిరిగేసరికి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. ఆదివారం మాత్రం నొప్పి వచ్చేది కాదు.

లైబ్రరీలో కూడా మావాడు జంపఖానా మీద కూర్చుని కథ విన్నాడనుకోకండి. వాడికి అప్పుడు యూకేజీ అయిపోయింది. కాలు ఒకచోట నిలవదు. లేచి బీరువాల మధ్య తిరగడం, పేపర్ల బల్ల కిందనుంచి పాకడం, చదువుకుంటున్న పెద్దాయన చెప్పులు మార్చిపెట్టడం. అప్పుడున్న లైబ్రేరియన్ మేడమ్ ఒకరోజు వాణ్ణి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, పాఠకుల సంతకాల రిజిస్టరు ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చారు. లోపలికి వచ్చే ప్రతివాళ్లకీ పెన్ను అందించాలి, సంతకం పెట్టేదాకా వదలకూడదు. వాడికి అంత పెద్ద ఉద్యోగం ఇచ్చినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

సమస్య వచ్చింది మిల్లు తాతతో. ఆయన పేరు వేరే, రైసు మిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు కాబట్టి పిల్లలకి మిల్లు తాత. రోజూ ఎనిమిదింటికల్లా వచ్చి, రిజిస్టరు వైపు చూడకుండా నేరుగా వెళ్లి తన కుర్చీలో కూర్చుంటారు. పిల్లల గోల మీద మేడమ్‌కి మొదట ఫిర్యాదు చేసింది కూడా ఆయనే. మావాడు పెన్నూ రిజిస్టరూ పట్టుకుని ఆయన వెనకే వెళ్లాడు.

"తాతా, సంతకం."

"నేను రోజూ వచ్చేవాణ్ణేరా."

"రోజూ పెట్టాలంట."

ఆయన పేపరు పైకెత్తి మొహం దాచుకున్నారు. వీడు కదల్లేదు. హాల్లో అందరూ చూస్తున్నారు. కాసేపటికి పేపరు దించి, ఏదో గీకి, "ఏం రాశానో చదువు చూద్దాం" అన్నారు. మావాడు ఇంగ్లిష్ మీడియం. ఏబీసీడీలు వచ్చు, తెలుగులో అ ఆలు కూడా సగమే. "చదవడం రానివాడివి, అది నా సంతకమో కాదో నీకెట్లా తెలుస్తుందిరా?" అని ఆయన మళ్లీ పేపర్లో పడిపోయారు.

ఆ రాత్రి మావాడు నన్ను పడుకోనివ్వలేదు. తాత పేరెట్లా రాస్తారో చూపించమంటాడు. ఆయన అసలు పేరు నాకెక్కడ తెలుసు? మర్నాడు మేడమ్‌ని అడిగి ఒక కాగితం మీద రాయించుకున్నాడు. దాన్ని రిజిస్టరు పక్కన పెట్టుకుని, ఆయన సంతకం పెట్టగానే ఒక్కో అక్షరం సరిచూడ్డం మొదలుపెట్టాడు. ఆయనకీ ఇది ఆటయింది. ఒకరోజు సంతకం బదులు "పిల్లి" అని రాశారు. ఇంకోరోజు "పులి". అక్షరాలు కలవకపోతే వీడు ఊరుకుంటాడా? రిజిస్టరు పట్టుకుని మేడమ్ దగ్గరికి పరిగెత్తి, "తాత దొంగ సంతకం పెట్టాడు, పు లి అని ఉంది" అని హాలంతా వినపడేలా చెప్పాడు. వాడు కూడబలుక్కుని చదివిన మొదటి తెలుగు మాట అదే.

మేడమ్‌కి మాత్రం కంగారు. "సార్, ఈ రిజిస్టరు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తుంది, పులులూ పిల్లులూ ఏంటి సార్" అని ఆయన్ని మెల్లగా మందలించి, మావాడికి వేరే పాత నోటుబుక్కు ఇచ్చారు. ఇక దాన్లో తాతలందరూ మొదలుపెట్టారు. ఒకరు "బెండకాయ" అని రాస్తే ఇంకొకరు "సోమవారం". మావాడితో పాటు జంపఖానా మీదనుంచి ఇంకో ముగ్గురు నలుగురు లేచి వచ్చేశారు. కథ చెప్పే మేడమ్ మొహం చిన్నబుచ్చుకున్నారేమో కూడా.

పులి అన్న మాట మీదనుంచే పులి-మేక ఆట వచ్చింది. మిల్లు తాత వరండాలో సుద్దముక్కతో గీతలు గీశారు. 3 పులులు ఆయనవి, 15 మేకలు పిల్లలవి. పులులకి చింతగింజలు, మేకలకి కందిగింజలు. పిల్లలంతా కలిసి ఒక్కో ఎత్తూ వెయ్యాలి కాబట్టి పదేళ్లవాడు చెప్పింది ఐదేళ్లది వినాలి, వినకపోతే మేక పోతుంది. లెక్కల మాస్టారు నేర్పినా నా కూతురి వయసు పిల్లలు అంతసేపు ఒక్కచోట కూర్చోరు. కొన్నాళ్లకి గోల చేసేది పెద్దవాళ్లే అయ్యారు. "అటు కాదురా, ఆ మూల మూసెయ్" అని పేపర్లు వదిలేసి వచ్చి వెనకనుంచి అరవడం.

ఆట మధ్యలో కబుర్లు. ఒకాయన ఈ కాలవల మీద ఒకప్పుడు పడవలో లైబ్రరీ తిరిగేదని చెప్తే పిల్లలు నమ్మలేదు. నిజమే. 1935లో పాతూరి నాగభూషణం గారు మన డెల్టాలోనే పడవ గ్రంథాలయం నడిపించారు. రేవు రేవు దగ్గరా ఆగి ఊళ్లకి పుస్తకాలిచ్చేవాళ్లు. మావాడికి వచ్చిన అనుమానం ఒకటే: పడవ మునిగితే పుస్తకాలకి ఫైను ఎవరు కడతారు?

ఇంతదాకా చదివి వెంటనే పిల్లల్ని పంపాలనుకునేవాళ్లు కొంచెం ఆగండి. ఇదంతా శిబిరం గొప్పతనమని నేను రాసివ్వలేను. చాలావరకు ఆ మేడమ్ గొప్పతనం. ఆమెకి బదిలీ అయ్యాక వచ్చిన సార్‌కి ఇంకో ఊరి లైబ్రరీ కూడా ఇన్‌ఛార్జి. రోజు మార్చి రోజు వస్తారు, పాపం ఆయన్నీ అనడానికి లేదు. శిబిరానికి ఏ రోజు ఏం చెయ్యాలో ఒక టైంటేబుల్ ఉంటుంది. కథలు, డ్రాయింగు, కాగితపు బొమ్మలు, స్పోకెన్ ఇంగ్లిష్. చెప్పడానికి రావలసినవాళ్లు రాకపోతే ఆ మూడు గంటలూ క్యారమ్స్ బోర్డు, చెస్ బోర్డు. క్యారమ్స్ బోర్డు మీద పౌడరు కోసం చందా వేసుకున్న రోజులున్నాయి.

తాతలందరూ మిల్లు తాతలు కారు. మెట్ల మీద బీడీ కాల్చే ఆయనకి నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బాత్రూముకి ఎప్పుడూ తాళమే, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పిల్లలు ఎదురింటివాళ్ల దయ మీద బతికారు. పదకొండింటికి వదిలేస్తారు గానీ రోహిణి కార్తెలో పదకొండంటే రోళ్లు పగిలే ఎండే.

ఇంకో సంగతి. పైన రాసిందంతా మావాడి అనుభవం. మా అమ్మాయికి ఆ హాలంటే భయం. గట్టిగా మాట్లాడే గొంతులు వింటే నా ఒళ్లోకి దూరేది. మొదటి వేసవంతా నేను పక్కన కూర్చుంటేనే ఉంది. పులి-మేక ఆడేటప్పుడు తప్ప నా కొంగు వదల్లేదు. ఐదేళ్లలోపు పిల్లల్ని చూసుకోవడానికి అక్కడ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు, ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

పోయిన వేసవికి దాతలెవరో ముందుకొచ్చి హాలుకి పార్టిషన్ కట్టించారు. కింద ప్లైవుడ్డు, పైన అద్దం. ఇటు పక్క బాలల విభాగం, గోడల మీద జిరాఫీ, ఏనుగు, చిన్న చిన్న ప్లాస్టిక్ కుర్చీలు, కొత్త ఫ్యాను. పిల్లలకి పక్క గుమ్మం. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఇన్నాళ్లకి లైబ్రరీ లైబ్రరీలా ఉందన్నారు. పెద్దవాళ్లు హాయిగా పేపరు చదువుకుంటున్నారు. సంతకాల రిజిస్టరు అటు పక్కకి పోయింది. వరండాలో గీతల మీద ఇప్పుడు చెప్పుల స్టాండు ఉంది.

నాకు ఒళ్లు మండింది. లక్షలు పోసి కట్టినా దొరకని దాన్ని ప్లైవుడ్డు పెట్టి మూసేశారనిపించింది. ఆరేళ్లవాడికి అరవై డెబ్బై ఏళ్లవాళ్లతో, బంధుత్వం ఏమీ లేకుండా, పనీ ఆటా కలిపి దొరికే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది? గుళ్లో అల్లరి చెయ్యకూడదు, పార్కులో పెద్దవాళ్లు వాకింగ్ చేసి వెళ్లిపోతారు.

అయితే పార్టిషన్ కట్టాకే మా అమ్మాయి మొదటిసారి నేను లేకుండా కూర్చుంది. బొమ్మల పుస్తకాల బీరువా దానికి అందే ఎత్తులో ఉంది. పదకొండింటికి వెళ్తే ఇంకో పుస్తకం అయ్యేదాకా రానంటుంది. పాత హాల్లో ఇది జరిగేది కాదని ఒప్పుకుంటాను. మావాడేమో రెండు రోజులు వెళ్లి, పని లేదని మానేశాడు.

నా లెక్కలు మీకు సరిపోకపోవచ్చు. లైబ్రరీ మా ఇంటికి రెండు వీధుల అవతల. నేను ఆడిటరు గారికి జీఎస్టీ రిటర్నులు ఇంట్లోంచే చేసిపెడతాను, 11, 20 తేదీల ముందు తప్ప పెద్ద టెన్షన్ ఉండదు, ఆ రోజుల్లో మా అత్తయ్య తీసుకొస్తారు. పొద్దున తొమ్మిదికి ఆఫీసుకి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి పదకొండింటి సంగతి కుదిరేది కాదు. పదేళ్లు దాటిన పిల్లలకి విసుగు, వాళ్లని ఆటల కోచింగుకి పంపడమే నయం. ఐదు నుంచి తొమ్మిది మధ్య అయితే, మీ లైబ్రరీలో పార్టిషన్ లేకపోతే, గోలకి భయపడకుండా ఒక వారం పంపి చూడండి. మంచినీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు.

ఈ ఏడాది పేర్లు రాయించడానికి వెళ్లినప్పుడు ఇన్‌ఛార్జి సార్‌ని అడిగాను, పది దాటాక పార్టిషన్ తలుపు తీసి ఉంచకూడదా అని. "బాలల విభాగానికి ఏసీ పెట్టే ఆలోచన ఉందమ్మా, తలుపు తీస్తే ఎలా" అన్నారు. ఫ్యానే రెండు నెలలుగా తిరగడం లేదు. ఆ మాటే అన్నాను. నవ్వి, శనివారాలు చూద్దాంలెమ్మన్నారు. అమ్మాయి పేరు మొత్తం శిబిరానికి, అబ్బాయి పేరు శనివారాలకి రాయించి వచ్చాను.