హార్వర్డ్ బిజినెస్ రివ్యూ: అట్టపెట్టెల ఫ్యాక్టరీలో 18 ఏళ్లు

విజయవాడ ఆటోనగర్‌లో మాది అట్టపెట్టెల యూనిట్. మామయ్యగారు మొదలుపెట్టారు. ఆయనకు చూపు తగ్గాక ఆర్డర్లు, లెక్కలు, మనుషులు అన్నీ నా చేతికి వచ్చాయి. ఆ ఏడాదే అమెరికా నుంచి వచ్చే మేనేజ్‌మెంట్ పత్రిక హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి చందా కట్టాను. ఇప్పటికి 18 ఏళ్లు. వ్యాపారం బాగా దెబ్బతిన్నప్పుడు మధ్యలో రెండేళ్లు మానేశాను కానీ, ఆ రెండేళ్లూ పాత సంచికలే తిరగేశాను. అంత ఖరీదు పెట్టి కొనే పత్రిక మనలాంటి చిన్న యూనిట్లకు పనికొస్తుందా అని చాలామంది అడిగారు. పనికొస్తుంది. కానీ దాన్ని ఎలా చదవాలో తెలియడానికి నాకు ఐదారేళ్లు పట్టింది, కొంత నష్టం కూడా జరిగింది.

నేను మొదట చూసింది ఎంబీఏ చదివేటప్పుడు, కాలేజీ లైబ్రరీలో. ఏడాది సంచికలన్నీ కలిపి కుట్టి, నల్ల అట్ట వేసిన సంపుటాలు ఉండేవి. పరీక్షకు ఒక వ్యాసం కావాలని తీసి, సాయంత్రం గేటు మూసే దాకా చదువుతూ కూర్చున్నాను.

ఆ పత్రిక పుట్టుక తెలిస్తే దాని తీరు అర్థమవుతుంది. హార్వర్డ్‌లో బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. 1922లో, వాలెస్ డోనమ్ డీన్‌గా ఉన్నప్పుడు ఈ పత్రిక వచ్చింది. ఆయన న్యాయశాస్త్రం చదివి, బ్యాంకులో పనిచేసి వచ్చిన మనిషి. లాయరుకు పాత తీర్పులు ఉంటాయి. వ్యాపారం చేసేవాడికి అలాంటిది ఏముంది? ఎవరి తప్పులు వాళ్లే చేసి నేర్చుకోవాల్సిందేనా? మొదటి సంచికలో ఆయన రాసిన వ్యాసం సారాంశం దాదాపు ఇదే: నిర్ణయాలు తీసుకునేవాళ్లకు ఆధారంగా ఉండే ఒక సిద్ధాంతం కావాలి, దాన్ని జరిగిన అనుభవాల నుంచే కట్టుకోవాలి. వ్యాపారాల్లో నిజంగా వచ్చిన చిక్కులను ‘కేసులు’గా క్లాసులో చర్చించే పద్ధతి, ఈ పత్రిక రెండూ ఆ ఆలోచనలోంచే పెరిగాయి.

నా వ్యాపారాన్ని నిజంగా మార్చింది థియొడోర్ లెవిట్ 1960లో రాసిన ‘మార్కెటింగ్ మయోపియా’, అంటే మార్కెటింగ్‌లో దూరపు చూపు లేకపోవడం అన్న వ్యాసం. అమెరికా రైలు కంపెనీలు ఎందుకు చితికిపోయాయి? ప్రయాణాలు తగ్గి కాదు, సరుకు రవాణా తగ్గి కాదు. అవి పెరుగుతూనే ఉన్నాయి. తాము ఉన్నది రైళ్ల వ్యాపారంలో అనుకున్నారు, రవాణా వ్యాపారంలో అనుకోలేదు. అందుకే కార్లు, లారీలు, విమానాలు వాళ్ల ఖాతాదారులను పట్టుకుపోయాయి. ఇది చదివాక నన్ను నేను అడుక్కున్నాను: మేం అమ్ముతున్నది ఏమిటి?

నూజివీడు నుంచి మామిడి పంపే ఒకాయన ఏటా వేసవిలో ఫోన్ చేసి, లారీలో అడుగు వరస పెట్టెలు నలిగిపోయాయని గొడవ చేసేవారు. మీరు అడిగిన ఐదు ప్లై (ఐదు పొరల అట్ట), మీరు అడిగిన సైజే ఇచ్చాం కదా అనేదాన్ని. అది నిజమే కూడా. లెవిట్ చదివిన ఏడాది మాత్రం లోడింగ్ జరిగే రాత్రి మా సూపర్‌వైజర్‌ని తీసుకుని తోటకే వెళ్లాను. గాలి ఆడటానికి కొట్టే రంధ్రాలు పెట్టె మూలలకు మరీ దగ్గరగా ఉన్నాయి. పెట్టె బలమంతా మూలల్లోనే ఉంటుంది. పైగా తడి గాలికి అట్ట మెత్తబడుతుంది, ఒక పెట్టె మూల మీద ఇంకో పెట్టె మూల రాకుండా అడ్డదిడ్డంగా పేరుస్తున్నారు. రంధ్రాలను మధ్యకు జరిపాం, ఎలా పేర్చాలో మా మనిషే నిలబడి చూపించాడు. పేపర్ గ్రేడు మార్చలేదు, రేటు పెంచలేదు. ఆయన ఇప్పటికీ మా దగ్గరే తీసుకుంటారు. మేం అమ్మేది అట్ట కాదు, పండు నలగకుండా చేరడం. ఆ మాట నాకు అర్థమైన రాత్రి అది.

ఆ లెవిట్ తర్వాత 1985 నుంచి 1989 దాకా ఈ పత్రికకు ఎడిటర్‌గా కూడా చేశారు.

రెండోది 1974లో విలియం ఆంకెన్, డొనాల్డ్ వాస్ రాసిన కోతి వ్యాసం. కింద పనిచేసే మనిషి ఎదురుపడి ‘మనకో సమస్య వచ్చింది’ అంటాడు. మేనేజర్ ‘ఆలోచించి చెప్తాను’ అంటాడు. ఆ క్షణంలో కోతి వాడి భుజం మీంచి ఈయన భుజం మీదకు దూకింది. సాయంత్రానికి ఈయన మీద పది కోతులు ఉంటాయి, వాళ్లు మాత్రం ఈయన జవాబు కోసం ఖాళీగా ఎదురుచూస్తుంటారు. నా పరిస్థితి అచ్చంగా అదే. మామయ్యగారి కాలం నుంచి ఉన్న సూపర్‌వైజర్‌ని నేను బాబాయ్ అంటాను. రోజూ వచ్చి ‘అమ్మా, రెండో మెషీన్‌లో గమ్ పట్టడం లేదు, ఏం చెయ్యమంటారు?’ అనేవారు. మెషీన్ గురించి ఆయనకు తెలిసినదాంట్లో నాకు పదో వంతు కూడా తెలియదు. అయినా ‘చూసి చెప్తాను బాబాయ్’ అని రాత్రంతా టెన్షన్ పడేదాన్ని. వ్యాసం చదివాక ‘మీరేం చేద్దామనుకుంటున్నారు బాబాయ్?’ అని అడగడం మొదలుపెట్టాను. మొదటి వారం ఆయనకు కోపం వచ్చింది, నాకు పట్టింపు లేదనుకున్నారు. నెల తిరిగేసరికి పని చేసేసి వచ్చి చెప్పడం అలవాటైంది.

ఇక నేను దెబ్బతిన్న చోటు. 1992లో రాబర్ట్ కాప్లన్, డేవిడ్ నార్టన్ బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ గురించి రాశారు. లాభనష్టాల లెక్క జరిగిపోయినదాన్నే చెబుతుంది కాబట్టి ఖాతాదారులు, లోపలి పని, నేర్చుకోవడం అనే వైపుల నుంచి కూడా సంస్థను కొలవాలన్నది వాళ్ల వాదం. మంచి వాదం. నేను ఉత్సాహంలో 22 కొలతలతో పెద్ద బోర్డు పెట్టించాను. మూడు నెలలకే బోర్డు నింపడం ఒక పని అయిపోయింది. సాయంత్రం ఐదింటికి కూర్చుని నోటికొచ్చిన అంకెలు రాసేవాళ్లు. ఆ తప్పుడు అంకెలు నమ్మి పేపర్ రీళ్లు ఎక్కువ కొన్నాను. తప్పు వ్యాసానిది కాదు, నా తొందరది. ఇప్పుడు నాలుగే కొలతలు: వేస్టేజీ, టైముకు వెళ్లిన లోడ్లు, తిరిగొచ్చిన పెట్టెలు, రావలసిన బాకీలు.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1968 వ్యాసంతో మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా పొసగదు. రీప్రింట్లు పది లక్షలకు పైగా అమ్ముడైన వ్యాసం అది. జీతం, పని వాతావరణం బాగాలేకపోతే అసంతృప్తి వస్తుంది, కానీ అవి బాగున్నంత మాత్రాన మనసు పెట్టి పనిచేయరు, దానికి బాధ్యత, గుర్తింపు, సాధించిన తృప్తి కావాలంటారాయన. మా స్టిచింగ్ దగ్గర పనిచేసేవాళ్లలో గుర్తింపు కోసం ఆరాటపడేవాళ్లు ఉన్నారు, అది కళ్లారా చూశాను. కానీ హెర్జ్‌బర్గ్ మొదటి అధ్యయనం జరిగింది పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లు, అకౌంటెంట్ల మీద. వారానికి వారం వడ్డీ కట్టే ఇంట్లో డబ్బు లెక్క వేరు. ఫ్యాక్టరీ పెట్టిన కొత్త కుర్రాళ్లు ఈ వ్యాసం చూపించి బోనస్ తగ్గిస్తామంటే నేను గట్టిగా అడ్డుపడతాను.

బాబు ఎనిమిది నెలల వాడుగా ఉన్నప్పుడు చదివింది ఫెలిస్ ష్వార్ట్జ్ 1989 వ్యాసం. మేనేజ్‌మెంట్‌లో మగవాళ్ల కంటే ఆడవాళ్లను ఉద్యోగంలో పెట్టుకోవడానికి ఖర్చు ఎక్కువ అన్న మాటతోనే మొదలవుతుంది. వృత్తే ముఖ్యం అనుకునేవాళ్లు, వృత్తి, ఇల్లు రెండూ కావాలనుకునేవాళ్లు అని ఆడవాళ్లను రెండుగా చూసి, రెండోవాళ్లకు వెసులుబాటు ఇవ్వమంటారు. అమెరికాలో పెద్ద దుమారం రేగింది. ‘మమ్మీ ట్రాక్’ అన్న పేరు ఆమె పెట్టింది కాదు, పత్రికలవాళ్లు తగిలించింది. నాకూ మండిపోయింది. మగవాళ్లను ఎందుకు రెండుగా విడదీయలేదు? అయినా ఆ కోపంలోంచే ఒక పని చేశాను. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు షిఫ్ట్ స్కూలు బస్సు వెళ్లాకే మొదలయ్యేలా మార్చాను. మానేసేవాళ్లు తగ్గారు.

ఈ పత్రిక ప్రభావం ఎంతదంటే, దాన్ని ఎప్పుడూ తెరవనివాళ్లు కూడా దాని మాటలే మాట్లాడతారు. మన దగ్గర ప్రతి రెజ్యూమెలో కనిపించే కోర్ కాంపిటెన్స్ (ఒక సంస్థకు ఇతరుల కంటే బాగా వచ్చిన అసలు నేర్పు) అన్న మాట 1990లో సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ వ్యాసంతో జనంలోకి వచ్చింది. ప్రహ్లాద్ కోయంబత్తూరులో పుట్టి, అహ్మదాబాద్ ఐఐఎంలో చదివినవారు. మైకేల్ పోర్టర్ ఐదు శక్తులు 1979వి: ఉన్న పోటీదారులు, కొత్తగా వచ్చేవాళ్లు, ప్రత్యామ్నాయ సరుకులు, మనకు సరుకు అమ్మేవాళ్లు, మన దగ్గర కొనేవాళ్లు కలిసి లాభాన్ని ఎలా నొక్కుతారో చూపే బొమ్మ అది. పేపర్ మిల్లులు రేటు పెంచి, మా పెట్టెలు కొనే మందుల కంపెనీలు రేటు తగ్గించి మమ్మల్ని మధ్యలో నలిపినప్పుడల్లా ఆ బొమ్మే గుర్తొస్తుంది. డిస్రప్షన్ (చిన్నగా మొదలైన కొత్త టెక్నాలజీ పెద్ద కంపెనీలను పక్కకు నెట్టేయడం) అన్న మాట 1995లో జోసెఫ్ బోవర్, క్లేటన్ క్రిస్టెన్సెన్ వ్యాసంతో ఇలాగే వ్యాపించింది.

మాట వ్యాపించినంత త్వరగా అర్థం వ్యాపించదు. 1990లో మైకేల్ హామర్ రీఇంజనీరింగ్ వ్యాసం రాశారు. పాత పనిని కంప్యూటర్‌కు ఎక్కించడం కాదు, పని తీరునే మొదటి నుంచి మార్చమన్నారు. చాలా కంపెనీలు ఆ పేరు చెప్పి మనుషులను తీసేశాయి. మనుషుల కోణాన్ని తాను సరిగ్గా పట్టించుకోలేదని తర్వాత హామరే ఒప్పుకున్నారు. అలాంటి జ్వరాలకు దారి తీసిన పత్రికే 1980లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్లు రాబర్ట్ హేస్, విలియం అబర్నాథీ వ్యాసం కూడా వేసింది. అమెరికా పరిశ్రమ వెనకబడడానికి మేనేజర్ల స్వల్పకాలిక లెక్కలే కారణమని, అందులో తమలాంటి స్కూళ్లు తయారుచేసిన ఆలోచనకూ భాగం ఉందని రాశారు. ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం.

ఇప్పటి సంచికల విషయానికొస్తే, 2017 నుంచి ఏడాదికి ఆరే వస్తున్నాయి. ఒక్కో సంచికలో నేను పూర్తిగా చదివేవి రెండు మూడు. ఉదాహరణలు ఎక్కువగా వేల మంది ఉద్యోగులున్న కంపెనీలవి. మా దగ్గర ఉన్నది 41 మంది. హెచ్ఆర్ విభాగం ఇలా చేయాలని రాస్తే, ఆ విభాగం నేనే. అందుకే కొత్త సంచిక వచ్చినప్పుడు నేను ముందు తెరిచేది కేస్ స్టడీ పేజీ. ఒక కల్పిత సంస్థలో చిక్కుముడి చెప్పి, ఇద్దరు అనుభవజ్ఞులతో వేర్వేరు జవాబులు చెప్పిస్తారు. ఆ జవాబులు చూడకముందే నాది కాగితం మీద రాసుకుంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వెంటనే చందా కట్టనక్కర్లేదు. దగ్గర్లో మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంటే లైబ్రరీలో అడిగి, ముందు కోతి వ్యాసం, తర్వాత లెవిట్ చదవండి. ఒక్కోదానికి ఒక నెల ఇవ్వండి. చదివిన మర్నాడే బోర్డులు పెట్టకండి. మా బాబాయ్‌కి ఇంగ్లిష్ రాదు. కోతి వ్యాసం మొత్తం ఒక మధ్యాహ్నం టీ తాగుతూ నేనే తెలుగులో చెప్పాను. అంతా విని, ‘అయితే నాకు కోపం వచ్చిన ఆ వారం నువ్వు చేసింది ఇదా అమ్మా’ అన్నారు.