టిప్పు ఎవరిది: వడ్డించిన సర్వరుదా, సిబ్బంది అందరిదా, హోటలుదా? ఏది మేలు?

బెంగళూరులో ఆంధ్ర భోజన హోటళ్లకు కొదవ లేదు. రెసిడెన్సీ రోడ్డు నుంచి మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ దాకా మధ్యాహ్నం వేళ అరిటాకు ముందు కూర్చుని తిని, లేచేటప్పుడు బిల్లు ఫోల్డరులో ఇరవయ్యో యాభయ్యో వదిలి రావడం మన తెలుగువాళ్లలో చాలామందికి అలవాటు. ఆ డబ్బు చివరికి ఎవరికి చేరాలన్నది ఇచ్చేవారికి చిన్న విషయంగా తోచవచ్చు. జీతంలో ఎక్కువ భాగం ఊరికి పంపి, మిగిలినదానితో నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకుని బతికే సర్వరుకు అది చిన్న విషయం కాదు.

దీనికి ఇప్పుడు నాలుగు జవాబులు వినిపిస్తున్నాయి. ఎవరి బల్ల మీద వచ్చిన టిప్పు వారికే చెందాలన్నది ఒకటి. అన్నీ ఒకచోట చేర్చి వంటవాళ్లతో సహా సిబ్బంది అంతా పంచుకోవాలన్నది రెండవది. హోటలే సర్వీస్ చార్జీ పేరుతో బిల్లులో కలిపి వసూలు చేసి, తానే సిబ్బందికి పంచాలన్నది మూడవది. అసలు టిప్పు అన్నదే లేకుండా జీతాలు సరిగ్గా ఇవ్వాలన్నది నాలుగవది. నా అభిప్రాయం ముందే చెబుతాను: టిప్పులో యజమానికి పైసా హక్కు కూడా ఉండకూడదు. సిబ్బంది మధ్య పంపకం సంగతికి వస్తే, లెక్క వారి చేతుల్లోనే ఉన్నంతవరకు, రెండవ పద్ధతే మేలు.

యజమానికి హక్కు లేదనడానికి మన న్యాయస్థానాలు చెప్పిన మాటలే ఆధారం. జైపూర్‌లోని రాంబాగ్ ప్యాలెస్ హోటలుకూ రాజస్థాన్ హోటల్ కార్మికుల సంఘానికీ మధ్య నడిచిన వివాదంలో, టిప్పు అనేది కస్టమరు ఇష్టపడి ఇచ్చేదే తప్ప యజమాని చెల్లించే వేతనంలో భాగం కాదని 1976లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2016 ఏప్రిల్‌లో ఐటీసీ సంస్థకూ ఆదాయపు పన్ను శాఖకూ మధ్య వచ్చిన వ్యాజ్యంలో ఆ కోర్టే మరో అడుగు ముందుకు వేసింది. కార్డు ద్వారా బిల్లుతో కలిసి వచ్చిన టిప్పును హోటలు తరవాత ఉద్యోగులకు పంచినప్పుడు, ఆ డబ్బుకు హోటలు ధర్మకర్త మాత్రమేనని, ఉద్యోగ ఒప్పందంతో దానికి సంబంధం లేదని, అందువల్ల జీతం మీద కోసినట్టు దాని మీద యజమాని పన్ను కోయనక్కర లేదని తేల్చింది. అందుకున్న ఉద్యోగి మాత్రం దాన్ని ఇతర ఆదాయంగా చూపవలసిందే. పరాయి సొమ్మును చేతిలో పెట్టుకున్నవాడు దాన్ని తనదిగా వాడుకోరాదన్న సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అవసరం లేదు. అయితే ఈ రెండు తీర్పులూ వేతనం గురించో పన్ను గురించో వచ్చినవే గానీ, టిప్పు తన దాకా రాలేదని ఒక సర్వరు వేసిన దావాలో వచ్చినవి కావు. టిప్పుల పంపకానికే ప్రత్యేకించిన చట్టం మనకు లేదు. సూత్రం ఉన్నా, దాన్ని పట్టుకుని అడగడానికి సర్వరుకు సులువైన దారి లేదన్నమాట.

ఈ లోటు నగదు చేతులు మారిన రోజుల్లో అంతగా కనబడలేదు. నోటు సర్వరు జేబులోకే వెళ్లేది, మేనేజరు చూసినా చూడనట్టు ఊరుకునేవాడు. 2016లో యూపీఐ వచ్చాక, బల్ల మీద క్యూఆర్ కోడ్ నిలబడ్డాక, కథ మారిపోయింది. బిల్లు ఎనిమిది వందల డెబ్బై అయితే తొమ్మిది వందలు పంపి, మిగతా ముప్పై వడ్డించినతనికి ఇచ్చామనుకుని మనం లేస్తాం. గల్లాపెట్టె దగ్గరి సౌండ్‌బాక్సు తొమ్మిది వందలూ అందాయని అరుస్తుంది, మొత్తం యజమాని ఖాతాలో పడుతుంది. మా ఇంటి దగ్గరి హోటలులో, ఎప్పుడూ మా బల్లకే వడ్డించే చిత్తూరు జిల్లా కుర్రాడిని, స్కాన్ చేసి పంపినది నీకు చేరుతుందా బాబూ అని ఒకసారి అడిగాను. అతను గల్లా వైపు చూసి, గొంతు తగ్గించి, "అది ఓనరు గారి అకౌంటుకే పోతాది సార్. నెలాఖరుకు లెక్క చూస్తామంటారు, ఇంతవరకు చూసింది లేదు. చేతికిస్తేనే మాది" అన్నాడు. అప్పటినుంచి నేను బిల్లు ఫోనులో కట్టినా టిప్పు మాత్రం నోటు రూపంలోనే ఇస్తున్నాను. అది నాకు తోచిన ఉపాయమే గానీ పరిష్కారం కాదు, ఎందుకంటే చిల్లర నోట్లు జేబులో పెట్టుకు తిరిగేవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు.

ఎవరి టిప్పు వారిదే అన్న మొదటి పద్ధతిలో ఉన్న బలం ఈ సందర్భంలోనే తెలుస్తుంది. డబ్బు ఇచ్చినవారి చేతి నుంచి తీసుకున్నవారి చేతికి నేరుగా వెళ్తుంది కనుక మధ్యలో కోసేవారు ఉండరు. బాగా చూసుకున్నందుకు ఇచ్చామన్న తృప్తి ఇచ్చేవారికీ, కష్టానికి గుర్తింపు దొరికిందన్న సంతోషం తీసుకున్నవారికీ ఉంటుంది. సాయంత్రం వేళ మెనూ చూసి ఆర్డరు ఇచ్చే రెస్టారెంట్లలో, ఒకే మనిషి ఆర్డరు తీసుకోవడం నుంచి చేతులు కడుక్కునే గిన్నె తెచ్చి పెట్టడం దాకా అన్నీ చూసే చోట, ఈ పద్ధతి న్యాయంగానే నడుస్తుందని ఒప్పుకోవాలి.

మన భోజన హోటలులో పని అలా జరగదు. ఒకరు ఆకు వేసి నీళ్లు పోస్తారు. వెనకే ఇంకొకరు పచ్చడి, వేపుడు, కూర వడ్డించుకుంటూ పోతారు. అన్నం బేసిను ఒకరిది, పప్పు బకెట్టు ఒకరిది, కందిపొడి మీద నెయ్యి పోసేవారు వేరు. మీరు సాంబారులో ఉండగానే మారు అన్నం కావాలా అని ఇంకెవరో వచ్చి అడుగుతారు. తిన్నాక ఆకు తీసి బల్ల తుడిచే క్లీనరు మొహం చాలామంది చూడనే చూడరు. లోపల వేడిలో నిలబడి గోంగూర నూరిన మాస్టరు ఎవరో మనకు తెలిసే వీలే లేదు. ఇంతమంది చేతుల మీదుగా సాగిన భోజనానికి మనం వదిలిన టిప్పు, చివర్లో బిల్లు తెచ్చి పెట్టిన ఒక్కరికి పోతుంది. అతను దొంగిలించలేదు, ఎవరినీ మోసం చేయలేదు, కానీ ఆ డబ్బు అతనొక్కడి కష్టానికి వచ్చింది కాదు. ఇచ్చినవారి ఉద్దేశం కూడా, నిజంగా ఆలోచిస్తే, ఆ భోజనానికి సంబంధించినదే.

పైకి కనబడని మరో చిక్కు కూడా ఉంది. టిప్పు ఎవరిది వారికే అన్నప్పుడు, ఏ బల్ల ఎవరికి ఇవ్వాలన్నది పెద్ద అధికారమై కూర్చుంటుంది. ఏసీ హాలు, కుటుంబాలు కూర్చునే వరుస, శని ఆదివారాల షిఫ్టు ఎక్కువ టిప్పు వచ్చే చోట్లు. వాటిని పంచేది మేనేజరు. పాతవారికి, తన ఊరివారికి, తన మాటకు ఎదురు చెప్పనివారికి ఆ బల్లలు ఇచ్చి, ఒడిశా నుంచో అస్సాం నుంచో కొత్తగా వచ్చి భాష రాని కుర్రాళ్లను మూలకు తోస్తే అడిగేవారు ఉండరు. సర్వరుకు టిప్పు మీద హక్కు ఉందని మనం సంతోషిస్తూ ఉండగానే, ఆ హక్కు విలువ ఎంతో మేనేజరు దయ మీద ఆధారపడి ఉంటుంది. ఉమ్మడిగా పంచుకునే చోట ఈ తాడు తెగిపోతుంది. నేను ఆ పద్ధతి వైపు మొగ్గడానికి, అరిటాకు భోజనం సంగతి కంటే కూడా, ఇదే ముఖ్యమైన కారణం.

ఉమ్మడి పద్ధతిలో లోపాలు లేవని కాదు. మనసు పెట్టి పనిచేసేవారికీ కాలం గడిపేవారికీ ఒకే వాటా వస్తుందన్నది మొదటి అభ్యంతరం. దీనికి నా జవాబు ఏమిటంటే, పని చేయనివాడిని తోటివారు కస్టమరు కంటే ముందే కనిపెడతారు. పని చేసిన గంటలను బట్టి, పని బరువును బట్టి వాటాలు వేసుకునే స్వేచ్ఛ వారికి ఉంటే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది. రెండవది ఇంతకంటే గట్టిది. డబ్బు ఒక డబ్బాలోకి చేరిన మరుక్షణం ఆ డబ్బా తాళం ఎవరి దగ్గర ఉంది అన్న ప్రశ్న వస్తుంది. పగిలిన గ్లాసులకు కోత, బిల్లు కట్టకుండా వెళ్లినవారి సొమ్ముకు కోత, మేనేజరుకు పెద్ద వాటా, చివరికి మిగిలినది సిబ్బందికి అన్న పరిస్థితి వస్తే, దానికంటే ఎవరిది వారు జేబులో వేసుకోవడమే వెయ్యి రెట్లు నయం.

ఇతర దేశాలు ఈ రెండవ లోపాన్నే చట్టంతో సరిచేశాయి. అమెరికాలో 2018 మార్చిలో వచ్చిన సవరణ ప్రకారం యజమాని ఏ కారణంతోనూ సిబ్బంది టిప్పులు ఉంచుకోరాదు. ఉమ్మడి డబ్బాలో సైతం మేనేజర్లకు, సూపర్వైజర్లకు వాటా ఇవ్వరాదు. టిప్పును వేతనంలో లెక్కగట్టకుండా సిబ్బందికి పూర్తి కనీస వేతనం చెల్లించే చోట మాత్రం వంటవారిని కూడా ఆ డబ్బాలో చేర్చుకోవచ్చు. బ్రిటన్ 2023లో చేసిన టిప్పుల పంపక చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం టిప్పు మొత్తం కోత లేకుండా, వచ్చిన నెల తరవాతి నెలాఖరులోగా సిబ్బందికి చేరాలి. పంపకం ఎలా జరుగుతుందో రాసి పెట్టాలి, లెక్కలు మూడేళ్లు దాచాలి. మనం కోరవలసినది సరిగ్గా ఇదే.

సర్వీస్ చార్జీ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. వినియోగదారుల రక్షణ కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జులైలో దాన్ని బిల్లులో దానంతటదే చేర్చరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు సవాలు చేశాయి. ఆ మార్గదర్శకాలు సరైనవేనని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. కస్టమరు ఇష్టంతో ఇచ్చే టిప్పుకు దానివల్ల అడ్డు లేదు. వెయ్యి రూపాయల భోజనానికి పది శాతం చార్జీ కలిపితే, దాని మీద కూడా ఐదు శాతం జీఎస్టీ పడి బిల్లు 1155 అవుతుంది. అదే వంద విడిగా చేతికిస్తే మనకు పడేది 1150. ఆ ఐదు రూపాయల కంటే పెద్ద బాధ ఏమిటంటే, చార్జీ కట్టాం కదా అని మనం సర్వరుకు ఏమీ ఇవ్వం, ఆ చార్జీలో అతనికి ఎంత దక్కిందో మనకు గానీ అతనికి గానీ చూపే కాగితం ఉండదు. సిబ్బంది సంక్షేమానికే దాన్ని వాడుతున్నామని సంఘాలు వాదించాయి. నిజంగానే పంచే హోటళ్లు ఉండవచ్చు. అటువంటి హోటళ్లకు ఆ లెక్కను గోడ మీద అతికించడంలో ఇబ్బంది ఉండకూడదు.

టిప్పు లేని పద్ధతి సూత్రంగా అన్నిటికంటే గౌరవమైనదని నేను నమ్ముతాను. జపాన్‌లో టిప్పు ఇచ్చే ఆచారమే లేదు. మన బెంగళూరు దర్శినిల్లో, అంటే చిన్న టిఫిన్ హోటళ్లలో, నిలబడి ఇడ్లీ తినేవారు కూడా ఇవ్వరు. కానీ న్యూయార్కులో యూనియన్ స్క్వేర్ హాస్పిటాలిటీ గ్రూపు అనే రెస్టారెంట్ల సంస్థ 2015లో టిప్పులు మానిపించి ధరల్లోనే జీతాలు కలిపే పద్ధతి మొదలుపెట్టి, 2020లో విరమించుకుంది. పేరున్న సంస్థకే నిలవనిది, బెంగళూరు అద్దెలు కట్టుకుంటూ పక్క హోటలుతో ధరలో పోటీ పడే మెస్సుకు సాధ్యమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. జీతం పెరగకముందే టిప్పు మాత్రం ఆగిపోతే నష్టపోయేది సర్వరే. టిప్పును వేతనంలో లెక్కగట్టనిస్తే ఏమవుతుందో కూడా అమెరికాయే చూపుతోంది. అక్కడ టిప్పు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వవలసిన కేంద్ర కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచి అక్కడే ఆగిపోయింది. టిప్పు సిబ్బంది సొంత ఆస్తి అని చట్టంలోనే రాసుకున్న కాలిఫోర్నియా మాత్రం అలా లెక్కగట్టడానికి ఒప్పుకోదు. కాబట్టి టిప్పు మీద హక్కు, దానితో నిమిత్తం లేని పూర్తి జీతం, రెండూ కలిసే రావాలి.

చట్టం వచ్చేదాకా ఒక హోటలు చేయదలచుకుంటే చేయగలిగినవి ఉన్నాయి. బిల్లు క్యూఆర్ పక్కనే టిప్పుకు వేరే క్యూఆర్ పెట్టి, దాన్ని సిబ్బంది ఎన్నుకున్న ఇద్దరి పేరున ఉన్న ఖాతాకు కలపవచ్చు. వచ్చిన మొత్తాన్ని ఏ రోజుకు ఆ రోజు వంటింటి గుమ్మం దగ్గర పలక మీద రాయవచ్చు. మాస్టరుకు, క్లీనరుకు ఎంత వాటానో సిబ్బందే కూర్చుని తేల్చుకుని, తెలుగు, కన్నడ, హిందీ, ఒడియా భాషల్లో, అంటే అక్కడ పనిచేసేవారికి వచ్చిన భాషల్లో, రాసి పెట్టుకోవచ్చు. పంపకం నెలకోసారి కాకుండా వారానికోసారి జరగాలి. సంక్రాంతికి ఊరికి వెళ్లి మళ్లీ రాని కుర్రాళ్లు ఈ పనిలో ఎక్కువ కనుక, వెళ్లే రోజునే వారి వాటా లెక్కగట్టి చేతికివ్వాలన్న నియమం కూడా ఆ కాగితంలో ఉండాలి.