ఎగ్జాస్ట్ వాల్వ్ పట్టేస్తే: నూనె వేసి చూడాలా, హెడ్ దించాలా?

బండి చాలాకాలం కదలక, ఇంజిన్‌లోంచి పొగను బయటికి వదిలే ఈ వాల్వ్ పట్టేసిందా? ముందు నూనె దారే మేలు. ట్యాపెట్ కవర్ (వాల్వ్‌ల మీది మూత) విప్పి, వాల్వ్ స్టెమ్ (కాడ) మీద తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున స్పార్క్ ప్లగ్ తీసి, టాప్ గేర్‌లో వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే స్ప్రింగ్ వాల్వ్‌ను పైకి లాగుతోందో లేదో కళ్లారా కనిపిస్తుంది. కిక్ మాత్రం కొట్టకండి. తెరుచుకుని ఉండిపోయిన వాల్వ్‌కి పిస్టన్ తగిలితే స్టెమ్ వంగుతుంది.

వేడెక్కాకే ఇరుక్కుని, చల్లారాక మామూలైపోతుంటే నూనెతో కాలయాపన వద్దు. గైడ్‌లో, అంటే స్టెమ్ జారే గొట్టంలో, ఖాళీ చాలకపోవడమో, మసి గట్టిపడటమో అయ్యుంటుంది. ఇంజిన్ పైభాగమైన హెడ్ దించాల్సిందే. వాల్వ్ తీసి స్టెమ్ మీద వేలు పోనివ్వండి, నల్లటి పెచ్చు గరుకుగా తగులుతుంది. దాన్ని వదిలించి, గైడ్‌ని రీమర్ అనే రంధ్రం చెక్కే పనిముట్టుతో సరైన కొలతకి తేవాలి. ఖర్చు ఎక్కువే, అయినా నా ఓటు దీనికే.