బీఎల్‌డీసీ ఫ్యాన్లు అయిదు వేసవులు వాడాక: కరెంటు బిల్లు లెక్క, వడ్డీ లెక్క

మా ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగేవి, మూడున్నాయి: హాల్లో ఒకటి, రెండు పడగ్గదుల్లో చెరొకటి. మూడూ 1200 మిల్లీమీటర్ల సైజువే. ఒక్కోటి దాదాపు 2,900 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ రకం ఫ్యాన్లు అన్నిటికీ వర్తించేవే. బిల్లు తగ్గుతుందా అంటే కచ్చితంగా తగ్గుతుంది. కానీ ఇంట్లో అప్పు ఉన్నవాళ్లు కొనే ముందు రెండు అంకెలు చూసుకోవాలి: బిల్లు ఏ స్లాబులో (యూనిట్లను బట్టి ధర మారే మెట్టులో) ఆగుతోంది, అప్పు నూటికి ఎంత వడ్డీకి ఉంది.

మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది, ఇది 30 వాట్ల దగ్గర ఆగుతుంది. డబ్బా మీద రాసింది నమ్మక్కర్లేదు, మన మీటరే చెబుతుంది. మీటరు ముఖం మీద యూనిట్‌కు ఎన్ని పల్సులో, అంటే లైటు ఎన్నిసార్లు మిణుకుమంటుందో, రాసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200. ఫ్రిజ్, మోటారు, వైఫై డబ్బాతో సహా అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ మాత్రం వేసి, మీటర్లో ఎర్రలైటు పది నిమిషాల్లో ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెట్టండి. 3200 మీటర్లో 75 వాట్ల ఫ్యాన్‌కు 40 సార్లు, 30 వాట్ల ఫ్యాన్‌కు 16 సార్లు వెలుగుతుంది. మా హాల్ ఫ్యాన్‌కు మొదట్లో 16 వచ్చింది, అయిదో ఏడులోనూ 16 లేదా 17. అంటే పాతబడినా కరెంటు ఎక్కువ తాగడం లేదు.

హాల్ ఫ్యాన్ రోజుకు 14 గంటలు ఫుల్‌లో తిరిగితే నెలకు సుమారు 19 యూనిట్లు మిగులుతాయి. పడగ్గదుల్లో అంత రాదు. రాత్రి మూడో నంబరు మీద పడుకుంటాం, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న మామూలు ఫ్యాన్ కూడా ఆ స్పీడులో కరెంటు తగ్గించే తీసుకుంటుంది. కాబట్టి గదికి 10 యూనిట్లు అనుకోండి. (పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్ అయితే వేరు. అది స్పీడు తగ్గించిన మేరకు చాలా కరెంటును వేడిగా పారేస్తుంది.) రోజుకు గంట తిరిగే వంటింటికో దేవుడి గదికో కొనడం శుద్ధ దండగ. నెలకు యూనిట్‌న్నర కూడా మిగలదు.

మూడింటికీ కలిపి వేసవిలో నెలకు 40 యూనిట్లు. ఈ నలభై విలువ ఇంటింటికీ మారుతుంది, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తెలంగాణలో 2022లో వచ్చిన ధరల ప్రకారం వంద దాటి 200 యూనిట్ల లోపు ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. ఒక్క యూనిట్ దాటిందంటే మొదటి రెండు వందలకూ 5.10 పడుతుంది, పైన 7.70. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం పక్కన పెడితే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,028. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైచిలుకు! 230 యూనిట్లు కాల్చే ఇల్లు 190కి దిగితే 1,251 కాస్తా 772 అవుతుంది. తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) వచ్చే ఇళ్లకు ఇది ఇంకా పెద్ద విషయం. 200 లోపు సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో 210, 215 దగ్గర ఆగుతున్న కార్డుదారులు మరో ఆలోచన లేకుండా హాల్లో ఈ ఫ్యాన్ ఒక్కటి మార్చుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గెంతు లేదు. స్లాబు దాటినా కింది యూనిట్లకు కింది ధరే. అక్కడ మిగిలేవి ఎప్పుడూ పైస్లాబు యూనిట్లు. 226 నుంచి 400 దాకా 8.75, దాని కింద 6 రూపాయలు. 260 యూనిట్ల ఇంట్లో 40 తగ్గితే దాదాపు 336 రూపాయలు.

ఇక అప్పు సంగతి. తెలంగాణలో 150 యూనిట్ల ఇంట్లో హాల్ ఫ్యాన్ మారిస్తే 19 యూనిట్లు ఇంటూ 4.80, నెలకు 91 రూపాయలు. చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోతాయి కాబట్టి ఏడాదికి తొమ్మిది నెలలే లెక్కపెట్టాలి. 2,900 పెట్టుబడి మీద సగటున నెలకు 68, అంటే నూటికి రెండు రూపాయల పైన వడ్డీ వచ్చినట్టు. బాగానే ఉందనిపిస్తుంది. అయితే ఈ అసలు తిరిగి రాదు, ఫ్యాన్‌తోపాటే అరిగిపోతుంది. అదే 2,900 క్రెడిట్ కార్డు బాకీకి కడితే? నెలకు మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, కలిపి నెలకు 120 రూపాయల వడ్డీ ఆగిపోతుంది. కార్డు బాకీ ఉన్నవాళ్లు, నూటికి మూడు రూపాయల చేబదులు ఉన్నవాళ్లు ముందు అది తీర్చాలి, ఫ్యాన్ తర్వాత. రెండు రూపాయల వడ్డీకి కూడా నా ఓటు అప్పు తీర్చడానికే. బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకి ఉన్న బంగారం అప్పయితే ఫ్యాన్ కొనుక్కోవచ్చు.

ఈ లెక్కకు రెండు మినహాయింపులున్నాయి. పైన చెప్పిన 200 గీత మొదటిది. పాత ఫ్యాన్ కాలిపోయి ఎలాగూ కొత్తది కొనాల్సి రావడం రెండోది. అప్పుడు అదనంగా పెట్టేది మామూలు ఫ్యాన్‌కూ దీనికీ ఉన్న తేడా, సుమారు 1,200 మాత్రమే. ఏడాదిన్నరలో వచ్చేస్తుంది.

ఈఎంఐలో మాత్రం కొనకండి. 'నో కాస్ట్' అన్నదానికీ ప్రాసెసింగ్ ఫీజు 199 పడితే జీఎస్‌టీతో 235. అంటే రెండున్నర నెలల ఆదా అక్కడే పోయింది. కార్డులో పాత బాకీ మిగిలి ఉంటే కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మూడూ ఒకేసారి కాకుండా, ఎక్కువ గంటలు తిరిగేది ముందు, ఆర్నెల్లకో ఏడాదికో మిగతావి.

వాడకంలో వచ్చే తిప్పలు చాలావరకు బిగించిన రోజే మొదలవుతాయి. పాత రెగ్యులేటర్ అలాగే ఉంచి కనెక్షన్ ఇస్తే ఫ్యాన్ గుయ్‌మంటుంది, ఆగి ఆగి తిరుగుతుంది, లోపలి బోర్డు పాడవుతుంది. రెగ్యులేటర్ తీయించి స్విచ్ నుంచి నేరుగా వైరు ఇప్పించాలి. చాలామంది ఎలక్ట్రీషియన్లు రెగ్యులేటర్‌ను ఫుల్‌లో పెట్టి వదిలేస్తారు. దగ్గరుండి తీయించండి.

ఎక్కువగా చెడేది ఆ బోర్డే. మా మూడింటిలో ఒకటి మూడో వానాకాలంలో పోయింది. ఉరుములప్పుడు, కరెంటు పోయి ఒక్కసారిగా హెచ్చు వోల్టేజీతో వచ్చినప్పుడు దెబ్బతింటుంది. మామూలు ఫ్యాన్‌లా వీధి చివర షాపులో వైండింగ్ కట్టించి నడపడం కుదరదు. అదే కంపెనీ, అదే మోడల్ బోర్డు కావాలి. వారంటీ లేకపోతే బోర్డు, కూలీ కలిపి వెయ్యి రూపాయల దాకా అవుతుంది. అది ఏడాదికి పైగా ఆదా. అందుకే రెండేళ్ల వారంటీ ఉన్నదానికన్నా అయిదేళ్లది మూడు వందలు ఎక్కువైనా మేలు. మీ ఊరికి సర్వీసు మనిషి వస్తాడో లేదో డబ్బు కట్టకముందే అడగండి. బిల్లును ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు రెండేళ్లకే వెలిసిపోతాయి. వాన ముసురుకుంటే గోడ స్విచ్ ఆపడం ఉచితంగా దొరికే రక్షణ.

రిమోట్ పెద్దవాళ్లకు ఇబ్బందే. స్విచ్ ఆపి వేస్తే స్పీడు మారే మోడళ్లున్నాయి, ఇంట్లో పెద్దవాళ్లుంటే అదే తీసుకోండి. ఒకే గదిలో రెండు పెడితే చాలా మోడళ్లలో ఒక రిమోట్‌కు రెండూ పలుకుతాయి. కరెంటు పోయి వచ్చాక పాత స్పీడులోనే మొదలవుతుందో లేదో షాపులోనే స్విచ్ వేసి చూడాలి. లేదంటే అర్ధరాత్రి లేచి రిమోట్ వెతుక్కోవాల్సి వస్తుంది.

గాలి తక్కువ అనేవాళ్లకు రెండు మాటలు. నిమిషానికి 220 ఘనపు మీటర్ల గాలి అని డబ్బా మీద ఉన్నది తీసుకుంటే మామూలు ఫ్యాన్‌కు తీసిపోదు. రెండు నెలలకోసారి తడిగుడ్డతో రెక్కలు తుడవకపోతే ఏ ఫ్యానైనా గాలి ఇవ్వదు. రెక్కల అంచుకు పేరుకున్న జిడ్డు దుమ్ము తీయగానే తేడా ఒంటికి తెలుస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు దాదాపు రెట్టింపు సేపు తిరుగుతాయి, మామూలు ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద చేసే గుయ్‌మనే మోత కూడా ఉండదు.

మిగిలిన డబ్బు బిల్లులో కనిపిస్తుంది గానీ చేతిలో ఆగదు. నిరుడు ఇదే నెల బిల్లు పక్కన పెట్టుకుని, తేడా ఎంతో చూసి, బిల్లు కట్టిన రోజే ఆ మొత్తాన్ని బంగారం అప్పులో జమ చేయండి. కట్టింది ముందు వడ్డీకి పోయి, ఆ తర్వాతే అసలుకు చేరుతుంది. కాబట్టి వడ్డీ ఎంత పేరుకుందో అడిగి, దానికి పైన వంద రూపాయలైనా ఉండేలా కట్టి, రసీదులో అసలు ఎంతకు దిగిందో అక్కడే చూసుకోండి.