పాత లెదర్ డైనింగ్ కుర్చీలు: పదకొండేళ్లు వాడాక

ఆరు కుర్చీలు. 1960ల నాటి టేకు చట్రాలు, పైకెత్తి తీసేయగల సీట్లు, వాటి మీద నల్ల తోలు. ఎవరు చేశారో చెప్పే ముద్ర అడుగున ఎక్కడా లేదు. కొనేనాటికే యాభై ఏళ్ల పాతవి. ఆ తర్వాత పదకొండేళ్లుగా రోజూ వాడకంలోనే ఉన్నాయి. ఇన్నాళ్లలో ఒక్క కాలూ విరగలేదు. మూడు అతుకులు వదిలాయి, ఆరింటికీ లోపలి ఫోమ్ మార్చాల్సి వచ్చింది, నాలుగు సీట్లకు తోలు మార్చక తప్పలేదు. తీర్పు ముందే చెప్పేస్తే, చట్రం చూసి కొన్నవాళ్లకు ఇవి ఇంకో తరానికీ పనికొచ్చే కుర్చీలు. తోలు నిగనిగ చూసి కొంటే మాత్రం చేతి చమురు వదులుతుంది.

భోజనాల కుర్చీలో తోలు అరిగే భాగం. చెప్పుకు అడుగు ఎలాగో దీనికి తోలు అలాగే. కూర్చున్నా లేచినా రాపిడంతా సీటు ముందంచు మీదే పడుతుంది. ఎంత మంచి తోలైనా ఏనాటికో ఒకనాటికి అక్కడే పగులుతుంది. తీసేయగల సీటైతే తోలు మార్చడం పూట పని. వెనక కాలు, సీటు చట్రం కలిసే చోట చెక్క చీలితే మాత్రం అది వడ్రంగి నైపుణ్యానికే పరీక్ష. అందుకే కొనేటప్పుడు చూపు తోలు మీద కాదు, కింద ఉండాలి.

కుర్చీని బోర్లించకుండా బేరం మొదలుపెట్టొద్దు. ముందు సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటు ఎదురెదురు మూలల మీద రెండు చేతులతో నొక్కండి. నాలుగు కాళ్లూ నేలనంటి ఉండాలి. తర్వాత వీపు పైపట్టీని ఒక చేత్తో, సీటు ముందంచును ఇంకో చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. కిర్రుమన్నా, వెనక అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు తెరుచుకుని మూసుకున్నా అక్కడ జిగురు వదిలిందని అర్థం. జనం కుర్చీని రెండు కాళ్ల మీద వెనక్కి వాల్చినప్పుడు బరువంతా ఈ అతుకు మీదే పడుతుంది. ముందుగా పోయేది ఇదే.

జిగురు వదలడం పెద్ద లోపమేమీ కాదు. ఎవరో దాన్ని మేకులతో, స్క్రూలతో, ఇనుప మూలపట్టీలతో బాగు చేసి ఉంటేనే అసలు సమస్య. పాత కుర్చీల్లో ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన గాడిలోకి దించుతారు. ఆ నాలుకలోకి పక్కనుంచి స్క్రూ బిగిస్తే నాలుక చీలుతుంది, పైగా తేమకు చెక్క సాగి ముడుచుకునే కొద్దీ స్క్రూ కన్నం పెద్దదవుతుంది. రెండేళ్లకు మళ్లీ ఊగుతుంది, ఈసారి బాగు చేయడానికి నాలుకే మిగలదు. అతుకు దగ్గర కొత్తగా మెరిసే స్క్రూ తల కనిపిస్తే ఆ కుర్చీని వదిలేయడమే మంచిది. సీటును చట్రానికి పట్టి ఉంచే స్క్రూలు, మూలల్లో బిగించిన త్రికోణపు చెక్కముక్కల స్క్రూలు ఈ లెక్కలోకి రావు. అవి మొదటినుంచీ ఉండేవే.

పుచ్చు పట్టిన చెక్కలో ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి కన్నాలుంటాయి. కన్నాలున్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు. కుర్చీ కింద నల్లకాగితం పరిచి కాళ్ల మీద తట్టండి. లేత రంగు పొడి తాజాగా రాలితేనే భయపడాలి.

తర్వాత సీట్లు. వాటిని ఎత్తి తీసి, సీటు అడుగునా చట్రం లోపలా గీసిన గుర్తులు చూడండి. చేత్తో చేసిన సెట్లలో ఒకటి, రెండు, మూడు గీతలో, రోమన్ అంకెలో ఉంటాయి. ఏ సీటు ఏ చట్రానిదో చెప్పే గుర్తులవి. మూడో చట్రంలో ఐదో సీటు కూర్చుని ఉందంటే మధ్యలో ఎవరో మార్చారు. అంతకంటే ముఖ్యం, పాత తోలు తీయకుండా దాని మీదే కొత్తది కుట్టారా అన్నది. సీటుకూ చట్రానికీ మధ్య ఒక్కో వైపు రెండు మూడు మిల్లీమీటర్ల సందే ఉంటుంది. దాని మీద ఇంకో పొర వస్తే సీటు చీలమేకులా మారిపోతుంది. బలవంతంగా దించినప్పుడు ముందు అడ్డపట్టీని బయటికి నెట్టి అతుకును విప్పేస్తుంది. ఈ ఆరింటిలో వదిలిన మూడు అతుకుల్లో రెండింటికి కారణం ఇదే. సీటు తీసి అంచు చూస్తే లోపల ఆకుపచ్చ రెగ్జిన్, దాని మీద గోధుమరంగు తోలు, దాని మీద నల్లతోలు! మూడు పొరలు, మూడు వరసల మేకులు. పొరలన్నీ ఒలిచాక సీటు రెండు వేళ్లతో నొక్కితే దిగిపోయింది.

తోలు రకం తెలుసుకోవడానికి సీటు అడుగు భాగమే సాక్షి. మడిచి మేకులు కొట్టిన చోట తోలు కోసిన అంచు కనిపిస్తుంది. అంచు పొడుగునా పీచుపీచుగా ఉంటే తోలు. కింద నేసిన గుడ్డ, పైన ప్లాస్టిక్ పొర ఉంటే రెగ్జిన్. తోలు పొడిని జిగురుతో అద్దిన బాండెడ్ లెదర్ అయితే అంచు అట్టముక్కలా విరుగుతుంది. అది కొన్నేళ్లకే పొలుసులుగా రాలుతుంది, దానికి మందు లేదు. తర్వాత బొటనవేలితో సీటు నొక్కండి. అసలైన తోలు మీద వేలి చుట్టూ సన్నని ముడతలు పరుచుకుని, వేలు తీయగానే సర్దుకుంటాయి. కనబడని చోట ఒక్క నీటిబొట్టు వేయండి. బొట్టు పీల్చుకుని నల్లబడితే అది పైపూత లేని అనిలిన్ తోలు. చూడ్డానికీ తాకడానికీ హాయిగా ఉంటుంది, కానీ భోజనాల బల్ల దగ్గర నూనె చుక్క పడిందంటే మచ్చ జన్మలో పూర్తిగా పోదు. బొట్టు జారిపోతే పైన రంగు పూత ఉన్నట్టు. రోజూ తినే చోట రెండోదే మేలు. అందం కొంచెం తగ్గినా, తడిగుడ్డతో తుడిస్తే మరక పోతుంది.

ఒక్క జబ్బు మాత్రం కచ్చితంగా వద్దు. తెల్లగుడ్డతో తోలును మెల్లిగా రుద్దితే ఎర్రటి ఇటుకపొడి లాంటిది అంటుకుంటే, దాన్ని రెడ్ రాట్ అంటారు. చెట్ల బెరడు రసాలతో శుద్ధి చేసిన పాత తోళ్లలో, గాలిలోని గంధకపు వాయువుల వల్ల ఆమ్లం పుట్టి పీచు లోపల్నుంచే తెగిపోతుంది. నూనె రాస్తే ఇంకా నల్లబడి ముక్కలవుతుంది తప్ప బాగవదు. అమ్మేవాళ్లు దాన్ని ‘పాతదనపు సొగసు’ అంటారు. ఆ సొగసు కూర్చున్నవాళ్ల బట్టలకు అంటుకుంటుంది.

లోపలి సంగతి. 1950ల తర్వాతి కుర్చీల్లో తరచూ ఉండేవి రబ్బరు పట్టీలు, లేటెక్స్ లేదా పాలీయురెథేన్ ఫోమ్. రెండూ వయసుకు లొంగేవే. పట్టీ పెళుసెక్కి తెగుతుంది, ఫోమ్ పొడి అవుతుంది. సీటు ముందునుంచి వెనక్కి ఒక స్కేలు నిలువుగా ఆనించి చూడండి. మధ్యలో రెండు సెంటీమీటర్లకు మించి కుంగితే మార్చాల్సిందే. ఇది కొనకుండా ఉండేంత లోపం కాదు, బేరమాడటానికి మంచి సాకు. మార్చేటప్పుడు ఫోమ్ సాంద్రత ఘనమీటరుకు 35 కిలోలకు తగ్గొద్దు, 40 అయితే నిశ్చింత. అంతకంటే తేలిక ఫోమ్ వేస్తే రెండేళ్లలో పలచబడి, పైన తోలు వదులై ముడతలు పడుతుంది. పగుళ్లు ఆ ముడతల్లోనే మొదలవుతాయి. సీటు అడుగు ప్లైవుడ్ అయితే దానికి 10–12 మిల్లీమీటర్ల కన్నాలు ఐదారు ఉండాలి. లేకుంటే కూర్చున్నప్పుడు లోపలి గాలి కుట్లలోంచే బుస్సుమంటూ పోతుంది, కుట్లు తెగుతాయి. గోనెనార పట్టీలు, కొబ్బరిపీచు, గుర్రపువెంట్రుకలతో నింపిన సీట్లు కనిపిస్తే పారేయకండి. పట్టీలు మళ్లీ బిగించి, పీచు చిక్కుతీసి వాడితే కొత్త ఫోమ్ కంటే ఎక్కువకాలం వస్తాయి.

కొత్త తోలు లెక్క ఇలా ఉంటుంది. సుమారు 50 x 45 సెంటీమీటర్ల సీటుకు మడతలతో కలిపి 65 x 60 ముక్క కావాలి. ఆరింటికి రెండున్నర చదరపు మీటర్లకు లోపే. కానీ తోలు దీర్ఘచతురస్రంగా రాదు. పొట్ట వైపు సాగుతుంది, మెడ వైపు ముడతలుంటాయి, మచ్చలుంటాయి. మూడోవంతు వృథా పోతుందనుకోవాలి. నాలుగున్నర, ఐదు చదరపు మీటర్ల నిండు తోలు ఒక్కటి తీసుకుంటే ఆరూ ఒకే రంగులో వస్తాయి, ఒకటి రెండు సీట్లకు మిగులుతుంది కూడా. వేర్వేరుగా కొంటే రంగు కలవదు. మందం 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు చాలు. మందంగా ఉంటే గట్టిదన్న భ్రమలో 1.5 ఎంచుకుంటే, మూలల్లో మూడు మడతలు పడి సీటు చట్రంలో దిగదు. మళ్లీ పాత కథే.

ఇక అతుకు వదిలినప్పుడు. ప్రతి ముక్కకూ టేపు అంటించి నంబరు రాసి, రబ్బరు సుత్తితో మెల్లిగా విడదీయాలి. పాత ఎముకజిగురు గోరువెచ్చని నీటికే మెత్తబడుతుంది, ఆ నీటిలో తడిపిన గుడ్డ పెట్టి వదిలితే గీకేయొచ్చు. ఉప్పుకాగితం పెట్టి నాలుకను రుద్దొద్దు, సన్నబడి గాడిలో వదులవుతుంది. పాత జిగురు పొర మీద తెల్లజిగురు పట్టదు. ఇంట్లో చేసిన రిపేర్లు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. జిగురు లేకుండా ఒకసారి బిగించి చూసి, తర్వాత రాసి, చుట్టూ పట్టి ఉంచే పట్టీ క్లాంపు బిగించి, సమమైన బల్ల మీద నిలబెట్టి 24 గంటలు వదలాలి. బల్ల మీద నిలబెట్టడం మరిచిపోతే అతుకు గట్టిగానే ఉంటుంది, కుర్చీ మాత్రం మూడు కాళ్ల మీద నిలబడుతుంది.

పేరున్నవాటి గురించి నాలుగు మాటలు. డెన్మార్క్‌కు చెందిన మోలర్ కంపెనీ 1950, 60ల్లో చేసిన టేకు, రోజ్‌వుడ్ కుర్చీల సీట్లు తోలుతోనో కాగితపు తాడుతోనో వస్తాయి. విడిభాగాలుగా బాగుచేయడానికి అవి చాలా అనువు. అదే దేశపు డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన గుండ్రటి కుర్చీ, 1960లో అమెరికా అధ్యక్ష ఎన్నికల కెనెడీ–నిక్సన్ టీవీ చర్చలో కనబడినదే, కూర్చోవడానికి అద్భుతం. కాకపోతే దాని చేతులు బల్ల కిందికి దూరతాయో లేదో ముందే కొలవాలి. ఇటలీ డిజైనర్ మారియో బెల్లినీ 1977లో అక్కడి ఫర్నిచర్ కంపెనీ కాసినాకు గీసిన క్యాబ్ కుర్చీ వేరే జాతి. ఉక్కు చట్రం మీద మందపాటి జీను తోలును చొక్కాలా తొడిగి జిప్పులు వేస్తారు. అందులో తోలే సగం కుర్చీ, పగిలితే మామూలు కుట్టుపనివాడి వల్ల కాదు. కాబట్టి అక్కడ మాత్రం పై సలహా తిరగబడుతుంది. తోలే ముందు చూడాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచీ అంతర్జాతీయ వాణిజ్య నిషేధ జాబితాలో ఉంది. సరిహద్దు దాటించాలంటే పత్రాలు కావాలి. వేరే దేశం నుంచి తెప్పించేవాళ్లు డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

కొలతలు: బల్ల ఎత్తు 72–76 సెంటీమీటర్లయితే, మనిషి కూర్చున్నాక కుంగిన సీటు నుంచి బల్ల అంచు దాకా 27–30 ఉండాలి. పాత కుర్చీలు కొన్నింటి సీటు ఎత్తు 42 మాత్రమే. నేటి బల్ల ముందు వాటిలో కూర్చుంటే గడ్డం కంచానికి దగ్గరవుతుంది.

సంరక్షణ అంటే జనం నూనె రాయడమనుకుంటారు. అతిగా రాయడం వల్లే ఎక్కువ తోళ్లు పాడవుతాయి. వారానికోసారి పొడిగుడ్డ, నెలకోసారి గట్టిగా పిండిన తడిగుడ్డ, ఏడాదికి ఒకటి రెండుసార్లు సీటుకు అర టీస్పూను తోలు కోసం అమ్మే కండిషనర్. అంతే. వంటనూనె ముక్కిపోయి జిగటెక్కి దుమ్ము పట్టిస్తుంది. సబ్బులు సాధారణంగా క్షారగుణం ఉన్నవి, తోలుది ఆమ్లస్వభావం. సబ్బుతో తరచూ కడిగితే గట్టిపడుతుంది. నూనె మరక పడగానే రుద్దకుండా టాల్కం పొడి కుప్పగా పోసి రాత్రంతా వదిలితే చాలామటుకు పీల్చేస్తుంది. గాలిలో తేమ 45–55 శాతం మధ్య ఉంటే చెక్కకూ తోలుకూ సుఖం. 65 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు పడుతుంది.

పదకొండేళ్ల వాడకం నేర్పిన చిన్న సంగతి ఒకటి. ఎక్కువ అరిగేది మొత్తం సెట్టు కాదు, వంటగదికి దగ్గరున్న రెండు కుర్చీలు. వాటి పైపట్టీ మధ్యలో, లాగేటప్పుడు చెయ్యి పడే అరచేతి మేర చోటు నల్లగా నున్నబడింది. మిగతా నాలుగూ అలా లేవు. అప్పటినుంచి మూడు నెలలకోసారి కుర్చీల స్థానాలు మారుస్తున్నాం, సీట్లు మాత్రం వాటి చట్రాల్లోనే. కాళ్ల కింది ఫెల్ట్ బిళ్లలు కూడా అప్పుడే తుడవడం. వాటిలో ఇసుకరేణువు ఇరుక్కుంటే నేల గీతలు పడుతుంది.

పెట్టుబడిగా ఎలాంటివి? రేపు లాభానికి అమ్ముదామని కొంటే నిరాశే, రవాణా, రిపేర్లు మిగులును మింగేస్తాయి. ఒకే చేతివి ఆరు లేదా ఎనిమిది ఉన్న సెట్టు, చెక్కను చిత్రిక పట్టకుండా, రంగు వేయకుండా ఉంటే ధర నిలబెట్టుకుంటుంది. ఫోమ్, తోలు మార్చినందుకు పెద్దగా తగ్గదు, వయసుతో చెక్కకు పట్టిన రంగు గీకేస్తే తగ్గుతుంది. మీకు ఆరు కావాలంటే ఎనిమిది దొరికే చోట చూడండి. తర్వాత రెండు విడిగా వెతికితే ఒకటి సెంటీమీటరు పొట్టిగా, ఇంకొకటి వేరే చెక్కతో దొరుకుతాయి.