ఐదేళ్లు వాడిన ల్యాప్‌టాప్: కొన్న ధర, బాగుచేయించిన ధర

ఇంటి నుంచే ఉద్యోగం చేయాల్సి వచ్చిన రోజుల్లో, 2020 అక్టోబరులో, హనుమకొండలోని ఒక దుకాణంలో ఈ ల్యాప్‌టాప్‌ను 56,500 రూపాయలకు కొన్నాను. పెట్టె మీద ఎమ్మార్పీ 71,990 అని ఉంది. దుకాణదారు ఆ అంకె చూపించి పదిహేను వేలు తగ్గించానని చెప్పారు గానీ, ఆ తర్వాత ఏడాదంతా గమనించినా ఆ మోడల్‌ను ఎమ్మార్పీకి అమ్మినవారు ఒక్కరూ కనిపించలేదు. నేనిచ్చిన దానిలో 18 శాతం జీఎస్టీ కింద దాదాపు 8,600 పోయింది. మిగిలిన సొమ్ముకు వచ్చిన యంత్రంతో నాకు పేచీ లేదు. కీబోర్డు మీద అక్షరాలు కొన్ని అరిగిపోయాయే తప్ప ఒక్క మీట కూడా మొరాయించలేదు, తెర ఇప్పటికీ బాగుంది. నా పేచీ అంతా ఏడాది వారంటీ ముగిసిన తర్వాత మొదలైంది.

2022 మార్చిలో టచ్‌ప్యాడ్ నొక్కితే బిగుసుకుపోయినట్లు అనిపించింది. వారం తిరిగేసరికి దాని అంచు పైకి లేచింది, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ అటూ ఇటూ ఊగేది. లోపల బ్యాటరీ ఉబ్బింది. పగలంతా ఛార్జర్ పెట్టే ఉంచేవాణ్ణి కాబట్టి నా తప్పూ కొంత ఉంది. నిండా ఛార్జ్ అయిన లిథియం అయాన్ బ్యాటరీ రోజుల తరబడి వేడిలో ఉంటే లోపల వాయువు పుడుతుంది. అధీకృత సర్వీస్ సెంటర్‌లో 7,800 ముందుగానే కట్టించుకుని, ‘పార్టు రావాలి’ అన్న ఒక్క మాటతో ఇరవై మూడు రోజులు తిప్పారు. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. చివరికి, బ్యాటరీ రాకముందే, మీ సమస్య పరిష్కారమైందని సందేశం వచ్చింది.

అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడి, వివరాలు రాసుకుని, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. నాలుగో రోజున కంపెనీ నుంచి వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు, మరుసటి వారం బ్యాటరీ వచ్చింది. డబ్బు కట్టిన రసీదు, జాబ్‌షీటు నా దగ్గర ఉండబట్టే అక్కడ మాట సాగింది. ఆ దారి కూడా మూసుకుపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకున్నాను. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ రుసుము లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు.

అసలు పాఠం 2023 జులైలో నేర్చుకున్నాను. ఛార్జింగ్ పెట్టే సి టైప్ పోర్టు వదులైపోయింది. వైరు కింద మడతపెట్టిన కాగితం ఉంచితేనే దీపం వెలిగేది. అదే సర్వీస్ సెంటర్ వారు పరీక్షకు 590 తీసుకుని, పోర్టు మదర్‌బోర్డుకే, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డుకే, అతికి ఉంటుందని, కాబట్టి బోర్డు మొత్తం మార్చాలని, 31,400 అవుతుందని రాసిచ్చారు. కొన్న ధరలో సగానికి పైమాటే. పోర్టు ఒక్కటే మార్చరా అని అడిగితే, కంపెనీ తమకు విడి పోర్టులు పంపదని అక్కడి అబ్బాయి నిజాయితీగానే చెప్పాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు (సీటీసీ) తీసుకెళ్లాను. రెండో అంతస్తులో ఒక చిన్న గదిలో కూర్చున్న టెక్నీషియన్, సూక్ష్మదర్శిని కింద బోర్డు పెట్టి, “బోర్డుకేం కాలేదు సార్, పోర్టే పోయింది” అన్నాడు. వేడిగాలి గన్‌తో పాత పోర్టును లేపి, ఇరవై నాలుగు కాళ్ల (పిన్నుల) కొత్తదాన్ని అతికించడానికి ముప్పావు గంట పట్టింది. 1,500 తీసుకున్నాడు. నోటిమాట గ్యారంటీ మూడు నెలలన్నాడు గానీ, ఆ పోర్టు నేటికీ గట్టిగానే ఉంది.

కొన్నప్పుడు మరో రెండేళ్ల వారంటీని 4,999కి ఇస్తామంటే నేను వద్దన్నాను. దానిలో బ్యాటరీకి వర్తింపు లేదు, పోర్టుకు ఉంది. తీసుకుని ఉంటే నాకు కలిసొచ్చేది పరీక్ష రుసుముతో కలిపి 2,090 మాత్రమే. కంపెనీ లెక్కలో మాత్రం అది 31,400 ఆదా. ఆ పథకం లాభసాటిగా కనిపించడమంతా బోర్డుకు వాళ్లు వేసిన ధరలోనే ఉంది. తర్వాతి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు తెర, ప్రాసెసర్ కంటే ముందు బ్యాటరీ ఎంత, పోర్టు విడిగా దొరుకుతుందా అని అడగాలనుకుంటున్నాను.